ఆగిన రోజుల లెక్క: చిన్న తయారీ సంస్థల సైబర్ ముప్పును పోల్చే పద్ధతి

సభకు నమస్కారం.

ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉన్న రెండు చిన్న తయారీ సంస్థలను పక్కపక్కన పెట్టి, వీటిలో దేనికి సైబర్ ముప్పు ఎక్కువ అని ఎవరైనా అడిగితే, ఏ ఆధారంతో జవాబు చెప్పాలన్నది ఈనాటి ప్రసంగ విషయం. ఈ ప్రశ్న అడిగేవాళ్లు కనీసం నలుగురున్నారు. విడిభాగాలు కొనే పెద్ద కంపెనీ అడుగుతుంది, సరఫరా ఆగితే దాని అసెంబ్లీ లైను ఆగుతుంది కాబట్టి. బీమా సంస్థ ప్రీమియం నిర్ణయించడానికి అడుగుతుంది. అప్పిచ్చిన బ్యాంకు తన బాకీ సంగతి చూసుకోవడానికి అడుగుతుంది. పరిశ్రమల సంఘమైతే, తన దగ్గరున్న కొద్దిపాటి నిధిని ముందుగా ఏ సభ్యుడి కోసం వెచ్చించాలో తేల్చుకోవడానికి అడుగుతుంది. అవసరాలు నాలుగు రకాలైనా నలుగురి చేతిలోనూ సాధారణంగా కనిపించే సాధనం ఒకటే, ప్రశ్నావళి.

ఫైర్‌వాల్ ఉందా, యాంటీవైరస్ ఉందా, పాస్‌వర్డ్ నియమాలు రాసిపెట్టారా, సిబ్బందికి శిక్షణ ఇచ్చారా అంటూ అందులో పేజీల కొద్దీ ప్రశ్నలుంటాయి. ఉన్నదానికి టిక్కు పెట్టి, టిక్కులన్నీ కూడి, ఒక సంస్థకు 72, మరొకదానికి 58 అని మార్కులు వేసి, మొదటిది భద్రమనీ రెండోది ప్రమాదకరమనీ నివేదిక రాస్తారు. ఈ పద్ధతి మీద నా అభ్యంతరం సూటిగా చెబుతాను. అది ఇంటికి ఎన్ని తాళాలున్నాయో లెక్కపెడుతుంది గానీ, దొంగలు పడ్డాక ఆ కుటుంబం తేరుకోవడానికి ఎన్నాళ్లు పడుతుందో చెప్పదు. తయారీ సంస్థకు అసలు నష్టం చాలావరకు ఆగిపోయిన ఉత్పత్తి రూపంలో వస్తుంది. అందువల్ల పోలికకు కొలమానంగా రోజులను తీసుకోవాలన్నది నా వాదన. ఒకే దెబ్బ రెండు సంస్థలకూ తగిలిందని అనుకున్నప్పుడు, ఏది ఎన్ని రోజులు ఆగుతుంది, ఆ సంస్థ ఎన్ని రోజుల వరకు ఓర్చుకోగలదు అన్న రెండు సంగతులు తెలిస్తే పోలికలో ముఖ్యమైన భాగం పూర్తయినట్టే.

ఒకే దెబ్బ వేర్వేరు చోట్ల వేర్వేరుగా తగులుతుందని చెప్పడానికి 2019 మార్చిలో నార్వేకు చెందిన అల్యూమినియం కంపెనీ నార్స్క్ హైడ్రో మీద జరిగిన దాడి కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. అప్పట్లో 40 దేశాల్లో సుమారు 35,000 మంది పనిచేసిన ఆ కంపెనీ కంప్యూటర్లకు లాకర్‌గోగా అనే రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి విడిపించడానికి డబ్బు అడిగే సాఫ్ట్‌వేర్, తాళం వేసేసింది. దాడి ఒకటే, యాజమాన్యం ఒకటే. అయినా జలవిద్యుత్ విభాగం మామూలుగా నడిచింది. లోహాన్ని కరిగించే కర్మాగారాలు మనుషుల చేతిపని పెంచుకుని నడిచాయి. ఖాతాదారు అడిగిన ఆకారాల్లో అల్యూమినియం కడ్డీలను, చట్రాలను తీసే ఎక్స్‌ట్రూజన్ విభాగం మాత్రం అందరికన్నా ఎక్కువ దెబ్బతింది. ఆ తేడాకు కారణం పని స్వభావంలోనే ఉందని నేను అనుకుంటున్నాను. ఒకే లోహాన్ని రాత్రింబగళ్లు కరిగించే చోట అనుభవమున్న ఆపరేటరు కొంతకాలం చేత్తో నెట్టుకురాగలడు. ప్రతి ఆర్డరుకూ వేరే ఆకారం, వేరే కొలత, వేరే గడువు ఉండే చోట, ఏ ఖాతాదారుకు ఏమి చేయాలో చెప్పే సమాచారమే తాళం వెనుక ఉండిపోతే, యంత్రం బాగానే ఉన్నా పని ముందుకు కదలదు. కంపెనీ డబ్బు చెల్లించకుండా, జరిగినదాన్ని దాచకుండా, బ్యాకప్‌ల నుంచి వ్యవస్థలను తిరిగి నిలబెట్టుకుంది. అంత ఓపిక చిన్న సంస్థకు ఉంటుందా అన్నది వేరే ప్రశ్న. దానికి తర్వాత వస్తాను.

ఇప్పుడు ఊహించుకున్న రెండు సంస్థలను తీసుకుందాం. రెండింటిలోనూ నలభై యాభై మంది పనిచేస్తారు, టర్నోవరు కూడా దగ్గరదగ్గరగానే ఉంటుంది.

మొదటిది సీఎన్‌సీ యంత్రాల మీద, అంటే కంప్యూటర్ ప్రోగ్రాము ప్రకారం లోహాన్ని కోసే యంత్రాల మీద, విడిభాగాలు చేసే జాబ్ వర్క్ సంస్థ. ఖాతాదారులు పంపిన డ్రాయింగులు, వాటి నుంచి తయారుచేసిన యంత్ర ప్రోగ్రాములు ఆఫీసులోని ఒకే కంప్యూటర్లో ఉంటాయి. అక్కడి నుంచి కొన్ని యంత్రాలకు కేబుల్ ద్వారా, కొన్నింటికి యూఎస్‌బీ ద్వారా ప్రోగ్రాములు వెళతాయి. రాసిపెట్టిన భద్రతా విధానం ఏమీ లేదు, అందుకే ప్రశ్నావళిలో మార్కులు తక్కువ. అయితే వారానికోసారి యజమాని ఆ కంప్యూటర్లోని ఫైళ్లన్నీ రెండు హార్డ్ డిస్కుల్లోకి మార్చి మార్చి కాపీ చేసి, పని అయ్యాక కేబుల్ తీసేసి బీరువాలో పెడతాడు.

రెండోది పూత రసాయనాలను వేడి చేసి కలిపే సంస్థ. పాళ్లు, ఉష్ణోగ్రతలు, వాల్వులు తెరుచుకునే వరుస అంతా పీఎల్‌సీలో, అంటే యంత్రాలను నడిపే చిన్న పారిశ్రామిక కంప్యూటర్లో, ఉంటుంది. ఆపరేటరు చూసే తెర ఒక పాత విండోస్ కంప్యూటరు మీద నడుస్తుంది. ఈ సంస్థకు మంచి ఫైర్‌వాల్ ఉంది, యాంటీవైరస్ లైసెన్సు ఉంది, యాభై పేజీల భద్రతా విధానం ఉంది, అందుకే మార్కులు ఎక్కువ. కాని పీఎల్‌సీ ప్రోగ్రాము అసలు ప్రతి ఈ సంస్థ దగ్గర లేదు. దాన్ని రాసిచ్చిన ఇంటిగ్రేటర్, అంటే యంత్రాల నియంత్రణ వ్యవస్థను అమర్చిపెట్టిన బయటి నిపుణుడి దగ్గర ఉందని అందరూ నమ్ముతున్నారు. ఆ ఇంటిగ్రేటర్ ఇంటి నుంచే సర్వీసు చేయడానికి పెట్టుకున్న రిమోట్ లైను ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది.

రెండింటికీ ఒకే సోమవారం ఉదయం రాన్సమ్‌వేర్ తగిలిందనుకుందాం. మొదటి సంస్థలో ఆఫీసు కంప్యూటరు పోయింది, బిల్లింగు పోయింది. యంత్రాల మెమరీలో అప్పటికే ఎక్కించి ఉన్న ప్రోగ్రాములతో ఆ రోజు పని నడుస్తుంది. కొత్త భాగం మొదలుపెట్టాల్సిన యంత్రాలు మాత్రం ఆగుతాయి. కొత్త కంప్యూటరు తెచ్చి, ప్రోగ్రాములు తయారుచేసే సాఫ్ట్‌వేర్ లైసెన్సు మళ్లీ తీసుకుని, బీరువాలోని డిస్కు నుంచి ఫైళ్లు ఎక్కించి, గత వారంలో చేసినవి తిరిగి చేసుకుంటే నాలుగు నుంచి తొమ్మిది రోజుల్లో పూర్తిస్థాయి పని మొదలవుతుందని అంచనా వేయవచ్చు. రెండో సంస్థలో ఆపరేటరు తెర నల్లబడిన క్షణంలోనే పాత్రలో వేడెక్కుతున్న మిశ్రమాన్ని ఏమి చేయాలన్న ప్రశ్న వస్తుంది. దాన్ని క్షేమంగా దించుకున్నారనే అనుకుందాం. తెర నడిపే పాత విండోస్ కంప్యూటరుకు సరిపడే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు దొరుకుతుందా, ఇంటిగ్రేటర్ దగ్గరున్న ప్రతి మూడేళ్ల కిందటిదా నిన్నటిదా, మధ్యలో మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్ చేసిన చిన్న చిన్న మార్పులు ఎక్కడైనా రాసి ఉన్నాయా అని ఒక్కొక్కటే తేల్చుకుంటూ పోతే పన్నెండు నుంచి ముప్పై రోజులు పట్టినా ఆశ్చర్యం లేదు. ఎక్కువ మార్కులు వచ్చిన సంస్థే ఎక్కువ రోజులు ఆగింది.

ఇక ఓర్చుకునే శక్తి. ఈ లెక్కను భద్రతా నిపుణులు చాలాసార్లు వదిలేస్తారు, అది అకౌంటెంటు పని అనుకుంటారు. జీతాలు, వడ్డీ, కరెంటు బిల్లు కట్టడానికి చేతిలో ఉన్న నగదు ఎన్ని రోజులకు సరిపోతుంది, గోడౌనులో తయారై ఉన్న సరుకు ఎన్ని రోజుల ఆర్డర్లు తీరుస్తుంది, ఖాతాదారుతో ఉన్న ఒప్పందంలో ఆలస్యానికి జరిమానా ఏ రోజు నుంచి మొదలవుతుంది, ఆ ఖాతాదారు వేరే సరఫరాదారు దగ్గరకు వెళ్లడానికి ఎంతకాలం పడుతుంది అన్నవి కలిపి చూడాలి. మొదటి సంస్థ పదిహేను రోజులు, రెండోది పది రోజులు ఓర్చుకోగలదని తేలితే, మొదటిది దెబ్బ తిని బతుకుతుంది. రెండోది తక్కువలో తక్కువ అంచనా నిజమైనా అప్పుల్లో పడుతుంది. చిన్న సంస్థల పోలికలో ఈ నిష్పత్తి, అంటే ఆగే రోజులకూ ఓర్చుకోగల రోజులకూ ఉన్న నిష్పత్తి, మిగతా అంకెలన్నిటికన్నా ఎక్కువ చెబుతుంది. నార్స్క్ హైడ్రోకు ఉన్న ఓపిక నగదు నిల్వల నుంచి, పరపతి నుంచి వచ్చింది. నలభై మంది సంస్థకు ఆ వెసులుబాటు లేదు.

నష్టం సంస్థ గోడల లోపలే ఆగుతుందనుకోవడం కూడా పొరపాటే. 2022 ఫిబ్రవరి చివరలో టయోటాకు భాగాలు అందించే కోజిమా అనే కంపెనీ మీద దాడి జరిగింది. ఫలితంగా మార్చి 1న జపాన్‌లోని టయోటా 14 కర్మాగారాల్లో 28 లైన్లు ఆగిపోయాయి. కోజిమా మరీ చిన్నదేమీ కాదు, టయోటాతో పోలిస్తే మాత్రం చిన్నదే. కొనుగోలుదారు చేసే పోలికలో అందుకే ఒక ప్రశ్న అదనంగా ఉండాలి: ఈ భాగాన్ని ఇంకెవరైనా చేస్తున్నారా? ఒక్కరే చేస్తుంటే, ఆ సంస్థ చిన్నదైనా దాని ముప్పు కొనుగోలుదారు ముప్పుగా మారిపోతుంది. బ్యాంకుకు ఈ ప్రశ్నతో అంత అవసరం లేదు. ఎవరి కోసం పోలుస్తున్నామన్నది ముందే తేల్చుకోకపోతే, ఒకే పట్టిక నలుగురికీ ఇచ్చి నలుగురినీ తప్పుదారి పట్టిస్తాం.

ఇంతవరకు దెబ్బ తగిలిందనుకుని మాట్లాడాను. తగిలే అవకాశం సంగతేమిటి? ఇక్కడ నేను అంకెలకు వెనకాడతాను. చిన్న సంస్థల్లో జరిగిన ఘటనలు చాలావరకు బయటికి రావు. ఒక్కో సంస్థ జీవితకాలంలో అవి ఒకటో రెండో జరుగుతాయి. అంత కొద్ది సమాచారం నుంచి ఏడాదికి 7 శాతం, 11 శాతం అని అవకాశాలు చెప్పడం లెక్కల వేషం వేసుకున్న ఊహ తప్ప మరేమీ కాదు. అవకాశానికి ఒకటి నుంచి అయిదు, తీవ్రతకు ఒకటి నుంచి అయిదు వేసి గుణించే ఎర్ర, పసుపు, ఆకుపచ్చ గళ్ల పట్టిక ఇంకా అధ్వానం. అరుదుగా వచ్చి సంస్థను మూయించే ఘటనకూ, తరచుగా వచ్చి ఒక పూట పని చెడగొట్టే ఘటనకూ అందులో ఒకే అయిదు వస్తుంది. అందుకని అవకాశం విషయంలో అంకె వేయకుండా, లోపలికి వచ్చే దారులను పోల్చి, ఈ సంస్థకు దారులు ఎక్కువ, ఆ సంస్థకు తక్కువ అని వరుస క్రమం చెప్పి ఊరుకోవడం నిజాయితీ గల పని.

ఆ దారులు ఊహించుకోవాల్సినవి కావు, జరిగిన ఘటనల్లోనే కనిపిస్తాయి. 2018 ఆగస్టులో తైవాన్‌కు చెందిన చిప్పుల కంపెనీ టీఎస్‌ఎంసీలోకి వన్నాక్రై రకం వైరస్ ఒక కొత్త యంత్రానికి సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు ప్రవేశించింది. వన్నాక్రై వాడుకునే లోపాన్ని సరిదిద్దే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ 2017 మార్చిలోనే విడుదల చేసింది. అంత పెద్ద కంపెనీలోనే అలా జరిగిందంటే, కొత్త యంత్రం దిగిన రోజున దాన్ని ముందు పరీక్షించి తర్వాతే నెట్‌వర్కుకు కలుపుతారా అన్న ప్రశ్న చిన్న సంస్థలను తప్పకుండా అడగాలి. 2023 నవంబరులో అమెరికాలోని అలిక్విప్పా పట్టణపు నీటి సంస్థలో యూనిట్రానిక్స్ తయారీ పీఎల్‌సీ ఒకటి దాడికి గురైంది. ఇంటర్నెట్‌కు నేరుగా తగిలించి, తయారీదారు పెట్టిన 1111 అనే పాస్‌వర్డునే ఉంచేసిన అలాంటి పరికరాలను దాడి చేసినవాళ్లు వెతుక్కుంటూ వెళ్లారు. వాళ్లు సంస్థను ఎంచుకోలేదు, పరికరాన్ని ఎంచుకున్నారు. మేం చిన్నవాళ్లం, మా జోలికెవరు వస్తారు అనే మాటకు ఆ ఘటన తర్వాత విలువ లేదు. మన పీఎల్‌సీ ఇంటర్నెట్ నుంచి కనిపిస్తోందా లేదా అన్నది సొంతంగా పరీక్షించుకోగల విషయం, రెండు సంస్థల మధ్య నిక్కచ్చిగా పోల్చగల విషయం కూడా.

లోపలికి వచ్చాక ఎంత దూరం పాకుతుందన్నది మరో కోణం. యంత్రాల మధ్య ఇప్పటికీ విరివిగా వాడే మోడ్‌బస్ భాష 1979 నాటిది. ఆదేశం ఎవరు పంపారో సరిచూసుకునే ఏర్పాటు దాని మూలరూపంలో లేదు. ఒకసారి ఆ నెట్‌వర్కులోకి చేరినవాడు వాల్వు తెరవమంటే వాల్వు తెరుచుకుంటుంది. జర్మనీ సమాచార భద్రతా సంస్థ బీఎస్‌ఐ 2014 నివేదికలో పేర్కొన్న ఉక్కు కర్మాగారం ఘటనలో దాడి మోసపు ఈమెయిళ్లతో ఆఫీసు నెట్‌వర్కులో మొదలై, ప్లాంటు నెట్‌వర్కుకు చేరి, చివరికి బ్లాస్ట్ ఫర్నేసును పద్ధతి ప్రకారం ఆపలేని స్థితి ఏర్పడి భారీ నష్టం జరిగింది. నేను చెప్పిన రసాయనాల సంస్థకు వర్తించేది ఈ పాఠమే. అక్కడ రోజుల లెక్క ఒక్కటే సరిపోదు. తెర పోయినా, పీఎల్‌సీ తప్పు ఆదేశం ఇచ్చినా, మనిషికి హాని జరగకుండా ఆపే యాంత్రిక వాల్వు, విడిగా పనిచేసే ఉష్ణోగ్రత కటౌట్ ఉన్నాయా అని వేరుగా చూడాలి. మనిషి ప్రాణానికి సంబంధించిన ముప్పును డబ్బు, రోజులు ఉన్న గడిలో కలిపి సగటు తీయకూడదు. అలాంటిది ఒక్కటి బయటపడినా ఆ సంస్థ మిగతా లెక్కలతో పని లేకుండా వరుసలో ముందుకు రావాలి.

డబ్బు మళ్లింపు మోసం గురించి కొద్దిగా చెబుతాను. సరఫరాదారు పేరుతో, మా బ్యాంకు ఖాతా మారింది, ఇకపై కొత్త ఖాతాకు పంపండి అని ఈమెయిలు వస్తుంది. అకౌంట్స్ విభాగం నమ్మి పంపేస్తుంది. ఇందులో యంత్రమూ లేదు, వైరస్ కూడా ఉండనక్కర్లేదు. పారిశ్రామిక భద్రత అనగానే అందరి చూపూ పీఎల్‌సీల మీదికి పోతుంది గానీ, చాలా చిన్న సంస్థలను ముందుగా తట్టేది ఈ మోసమే. ఖాతా మార్పు కోరినప్పుడు, ఆ ఈమెయిల్లో ఉన్న నంబరుకు కాకుండా ముందు నుంచీ తమ దగ్గరున్న నంబరుకు ఫోను చేసి నిర్ధారించుకుంటారా అన్న ఒక్క ప్రశ్నతో ఈ విషయంలో రెండు సంస్థలను పోల్చవచ్చు.

ప్రమాణాల పాత్ర ఏమిటని మీరు అడగవచ్చు. పారిశ్రామిక నియంత్రణ వ్యవస్థల భద్రత కోసం రాసిన ఐఈసీ 62443 అనే అంతర్జాతీయ ప్రమాణాల శ్రేణి కర్మాగారాన్ని జోన్లుగా విడదీసి, ఒక్కో జోనుకు చేరవలసిన భద్రతా స్థాయిని నిర్ణయించి, ఇప్పుడున్న స్థాయితో పోల్చమంటుంది. పోలికకు ఇది చాలా ఉపయోగపడుతుంది. ఒకే సంస్థలో బాయిలరు జోనుకు, ప్యాకింగు జోనుకు కావలసిన స్థాయిలు వేరైనప్పుడు, సంస్థ మొత్తానికి ఒకే గ్రేడు ఇవ్వడంలో అర్థం లేదని కూడా దీని వల్లే తేలుతుంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఫిబ్రవరిలో విడుదల చేసిన సైబర్ భద్రతా చట్రం రెండో రూపం విస్తృతమైనది. ఏ విషయాలు మరిచిపోయామో చూసుకోవడానికి మంచిది. సీఐఎస్ అనే లాభాపేక్ష లేని సంస్థ తయారుచేసిన భద్రతా జాగ్రత్తల జాబితా, సీఐఎస్ కంట్రోల్స్ ఎనిమిదో సంచికలో చిన్న సంస్థల కోసం గుర్తించిన 56 ప్రాథమిక జాగ్రత్తలు కనీస మట్టం చూపిస్తాయి. అయితే వీటిలో ఏదీ మన సంస్థ ఎన్ని రోజులు ఆగుతుందో తనంత తాను చెప్పదు.

కొందరికి కలగగల మరో సందేహానికి కూడా జవాబు చెప్పాలి. రెండు సంస్థలనూ విడివిడిగా కొలిచి వరుస పెడితే చాలదా? బీమా సంస్థకు, పెద్ద కొనుగోలుదారుకు చాలదు. 2017 జూన్ 27న మొదలైన నాట్‌పెట్యా అనే వైరస్ దాడి, ఉక్రెయిన్‌లో పన్నుల లెక్కలకు విరివిగా వాడే ఎం.ఈ.డాక్ అనే సాఫ్ట్‌వేర్ అప్‌డేటు వెంట వ్యాపించింది. ఆ సాఫ్ట్‌వేర్ వాడటం తప్ప మరే పోలికా లేని సంస్థలు ఒకే రోజు పడిపోయాయి. పది చిన్న సంస్థలకూ ఒకే ఇంటిగ్రేటర్ ఒకే పాస్‌వర్డుతో రిమోట్ సర్వీసు చేస్తున్నాడంటే అవి పది వేర్వేరు ముప్పులు కావు, పదిచోట్ల కనిపించే ఒకే ముప్పు. పోలిక పట్టికలో ప్రతి సంస్థ ఎదురుగా దాని అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్, రిమోట్ సర్వీసు చేసేవారు, బ్యాకప్ దాచే చోటు రాసుకుంటే ఈ ఉమ్మడి పోగులు కంటికి కనిపిస్తాయి.

పద్ధతిలో చివరిగా, సమాచారం ఎవరిని అడగాలన్నది. ఆఫీసు గదిలో వచ్చే జవాబుకూ, కంట్రోలు ప్యానెలు దగ్గర వచ్చే జవాబుకూ తేడా ఉంటుంది. బ్యాకప్ ఉందా అంటే ఉందని యజమాని చెబుతాడు. దాన్నుంచి ఎప్పుడైనా తిరిగి ఎక్కించి చూశారా అంటే మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్ నవ్వుతాడు. ఆ నవ్వును కూడా నమోదు చేసుకోవాలి. ఆగే రోజుల అంచనాను యజమానిని, షిఫ్టు సూపర్‌వైజరును, ఎలక్ట్రీషియన్‌ను విడివిడిగా అడిగి, ముగ్గురి జవాబుల్లో కనిష్ఠం నుంచి గరిష్ఠం వరకు ఒక పరిధిగా రాసుకోవాలి. ముగ్గురి మధ్య తేడా ఎక్కువగా ఉంటే, ఆ తేడాయే ఆ సంస్థ గురించి ఒక సమాచారం. వీలైతే ఒక సెలవు రోజున ఒక్క యంత్రాన్ని బ్యాకప్ నుంచి తిరిగి నిలబెట్టి చూడాలి. ఆ ఒక్క పరీక్ష ముందు ముగ్గురి అంచనాలూ దిగదుడుపే.

ఇలా తయారైన పట్టికకు గడువు తక్కువ. కొత్త యంత్రం ఒకటి తన మోడెముతో సహా దిగినా, పాత ఎలక్ట్రీషియన్ ఉద్యోగం మానేసినా, పెద్ద ఖాతాదారు మారినా రోజుల లెక్క మారుతుంది. ఏడాది కిందటి వరుస క్రమాన్ని బట్టి ఈ ఏడాది నిధులు పంచకూడదు. ఇంకొక సంగతి. ఏ సంస్థ ఎన్నాళ్లు ఆగుతుంది, ఎన్నాళ్లు ఓర్చుకోలేదు, ఏ దారి తెరిచి ఉంది అన్నవన్నీ ఒకేచోట రాసి ఉన్న కాగితం, డబ్బు గుంజాలనుకునేవాడికి కోరి చేసిచ్చిన జాబితా వంటిది. దాన్ని సంఘం సభ్యులందరికీ ఈమెయిల్లో పంపకూడదు. ఒక్కో సంస్థకు దాని వరుసను మాత్రమే ఇచ్చి, పూర్తి పట్టికను నెట్‌వర్కుకు తగలని చోట ఇద్దరి బాధ్యతలో ఉంచాలి. పోల్చే పని మొదలుపెట్టే ముందే ఆ ఇద్దరెవరో నిర్ణయించుకోవాలి.